శాటిలైట్ ఫొటో అబద్ధం చెప్పదంట! దాని చూపెంతో అడిగారా?

కొంచెం పెద్ద పోస్టు. పోడు క్లెయిములు రాసిపెడుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఓపికగా చదవండి.

మా పెద్దనాయన రెండెకరాల క్లెయిమును ఒక్క మాటతో తిప్పి పంపారు: "2005 ఫొటోలో సాగు కనబడలేదు." అంతకంటే బాధ ఏంటంటే, మనోళ్లే కొందరు "శాటిలైట్ అబద్ధం చెప్పదు కదా" అన్నారు. చదువుకున్న మనమే ఇట్లంటే ఎట్లా?

పైనుంచి ఫొటో తీసే కెమెరాకీ కంటి పరీక్ష ఉంటది. నేల మీద తెలుపు, నలుపు పట్టీలు వేస్తారు, వెడల్పువి మొదలుకొని సన్నవి దాకా. ఫొటోలో ఎక్కడ రెండూ కలిసిపోయి బూడిదరంగు అవుతాయో అక్కడితో దాని చూపు అయిపోయినట్టే. అది కూడా తెలుపు పక్కన నలుపు ఉంటే! మన పోడులో అంత తేడా ఎక్కడిది? ఇప్పచెట్టును మనం నరకం, చేలోనే ఉంటది. చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. ఆ రోజుల్లో కంది ఇంకా పచ్చగా నిలబడే ఉంటది. పైనుంచి చూసేదానికి అది చేనో పొదో ఏం తెలుస్తది?

ఇక లెక్క చూడండి. మన ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరాకు ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క, నేల మీద 23.5 మీటర్లు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి ఏడు చుక్కలు! గట్టు మీద పడ్డ చుక్క సగం చేను, సగం అడవి. ఫొటోను మ్యాపు మీద కూర్చోబెట్టేటప్పుడు ఒక్క చుక్క పక్కకు జరిగితే మన చేను అడవిలో కలిసిపోతది. లిస్-4 (5.8 మీటర్లు), 2005 మేలో ఎగిరిన కార్టోశాట్-1 (2.5 మీటర్లు) మెరుగే, కాదనను. మరి పెద్దనాయన చేనుకు ఏది వాడారు? కాగితంలో ఒక్క ముక్క లేదు.

డ్రోన్ తెస్తామంటే మురిసిపోకండి. అది ఆకులు కూడా లెక్కపెట్టగలదు, కానీ ఇవాళ్టివి. 2005ను చూపించలేదు.

అటవీ హక్కుల చట్టానికి 2012లో చేసిన సవరణ నిబంధనలు చూడండి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి బదులు కాదు. ఊరి పెద్దల వాంగ్మూలం, చేలో వేసిన గట్లు కూడా సాక్ష్యాలే. ఫొటో ఒక్కటే చూపి కొట్టేయడానికి లేదు.

సబ్‌డివిజన్ కమిటీ కొట్టేస్తే 60 రోజుల్లో జిల్లా కమిటీకి పోవచ్చు. మా అప్పీలులో నాలుగు ప్రశ్నలు రాశాం: ఏ ఉపగ్రహం, ఏ తేదీ ఫొటో, చుక్క ఎన్ని మీటర్లు, మ్యాపు మీద పొరపాటు ఎన్ని మీటర్లు? ఇంకా జవాబు రాలేదు. మీ ఊళ్లో ఎవరికైనా జవాబు వచ్చి ఉంటే ఆ కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.