గైనకాలజిస్టు వచ్చారు సరే, మత్తు డాక్టరేరీ?

సామాజిక ఆరోగ్య కేంద్రానికి (సీహెచ్‌సీ) కొత్త డాక్టర్లు వచ్చారంటే జిల్లా పేజీలో ఫొటో, ఎమ్మెల్యే చేతుల మీదుగా శాలువా. ఆరు నెలలు గడిచినా కాన్పు కేసులు 108లో జిల్లా కేంద్రానికి పోతూనే ఉంటే, వచ్చినవాళ్లు పని ఎగ్గొడుతున్నారని ఊళ్లో అనుకుంటారు. పాపం, చాలాచోట్ల వాళ్ల తప్పేమీ ఉండదు.

మైదాన ప్రాంతంలో 1.2 లక్షల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 80 వేల మందికి ఒక 30 పడకల సీహెచ్‌సీ ఉండాలన్నది నిబంధన. 2021-22 కేంద్ర గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశమంతటా వీటిలో స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం. భయపెట్టే అంకే. అయితే ఉన్న ఆ కొద్దిమందీ ఒకచోట లేరన్న సంగతి అందులో కనిపించదు. సిజేరియన్ చేయాలంటే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, బిడ్డను అందుకునే పిల్లల డాక్టరు, నిల్వ ఉంచిన రక్తం, రాత్రి డ్యూటీ నర్సులు అందరూ ఒకే గంటలో ఒకే కప్పు కింద ఉండాలి. ఒక్కరు లేకపోయినా చీటీ మీద ‘రిఫర్’ అని రాయాల్సిందే. జీతం అందుతుంది, థియేటర్ తాళం తెరుచుకోదు. కత్తి పట్టని సర్జన్ చేయి ఎన్నాళ్లు కుదురుగా ఉంటుంది? ఏడాది తిరక్కుండానే పట్నానికి డిప్యుటేషన్ వెతుక్కుంటారు.

మత్తు డాక్టర్ల కరువు తెలిసే, ఎంబీబీఎస్‌లకు 18 వారాల మత్తు శిక్షణ ఇచ్చే పథకం కేంద్రం పెట్టింది. ఆలోచన మంచిదే. కానీ శిక్షణ పొందినవారిని థియేటరే లేని చోటికి బదిలీ చేస్తే ఆ 18 వారాలూ వృథా.

తెలంగాణలో 2014లో 5 ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు పదేళ్లలో 30 దాటాయి. రేపటికి డాక్టర్లు పెరుగుతారు, నిజమే. ఇవాళ మాత్రం ఏరియా, జిల్లా ఆస్పత్రులు బోధనాస్పత్రులయ్యాయి, స్పెషలిస్టులకు అక్కడ గిరాకీ పెరిగింది. బోధనా సిబ్బంది తగ్గితే జాతీయ వైద్య కమిషన్ సీట్లకు కోత పెట్టగలదు. సీహెచ్‌సీలో కుర్చీ ఖాళీగా ఉంటే అడిగే కమిషన్ ఏదీ లేదు.

దీనికి ఒక దారి మన పొరుగునే కనిపిస్తుంది. ములుగు వైపు నుంచి గోదావరి దాటి ముందుకెళితే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపుర్ జిల్లా. కాస్త కష్టమైన కేసైతే ఒకప్పుడు అక్కడివారు వరంగల్, భద్రాచలం దాకా రావాల్సివచ్చేది. అప్పట్లో మావోయిస్టుల భయమున్న ఆ చోటికి 2016 తర్వాత జిల్లా యంత్రాంగం జిల్లా ఖనిజ నిధి నుంచి మంచి జీతాలిచ్చి స్పెషలిస్టులను జట్టుగా రప్పించింది, ఉండటానికి వసతి చూపింది. అది జిల్లా ఆస్పత్రి, సీహెచ్‌సీ కాదు, నిజమే. ఖనిజ నిధి లాంటి వెసులుబాటూ అన్ని జిల్లాలకూ ఉండదు. అయినా పోస్టులవారీగా కాకుండా జట్టుగా నియమించే పద్ధతిని మన తెలుగు రాష్ట్రాలు రెండూ అందిపుచ్చుకోవచ్చు.

అలా చేస్తే అయిదారు సీహెచ్‌సీలకు ఒకటి ముందు పూర్తిస్థాయిలో నిలబడుతుంది, మిగతావి కొన్నాళ్లు ఆగాలి. చిక్కంతా ఇక్కడే. తన నియోజకవర్గానికి ఒక డాక్టరు కావాలని ప్రతి ఎమ్మెల్యే అడుగుతారు. ఆగాల్సిన ఆస్పత్రుల జాబితాపై సంతకం పెట్టే ఆరోగ్య మంత్రి ఇంకా కనిపించలేదు.