ఆ పాప పేరేమిటి?

వేలూరు లాంగ్ బజారుకు ఎన్నిసార్లు వెళ్లి ఉంటాం! అక్కడి గడియార స్తంభం మీది రాతిపలక ఎప్పుడైనా చదివారా? 1914-18 మహాయుద్ధానికి ఈ ఊరి నుండి 277 మంది వెళ్లారు, 14 మంది ప్రాణాలు విడిచారు అని ఉంటుంది. ఒక్క పేరు లేదు. పలక వేయించిన తెల్లదొరలకు లెక్క చాలు. మనకూ లెక్కే చాలా?

పోయిన ఏడాది గుడియాత్తంలో ఒక తాతను భూస్థాపన చేశాను. పరలోకం గురించి అరగంట చెప్పాను. అంతా అయ్యాక మనవడు వచ్చి, "అయ్యగారూ, తాత పదేళ్లప్పుడు బర్మా నుండి నడిచొచ్చాడు. జ్వరంతో ఉన్న చెల్లిని దారిలోనే వదిలేశారంట" అన్నాడు. పన్నెండేళ్లు ఆయన కాపరిని. నాకు తెలియదు. నేను అడగలేదు కాబట్టి తెలియదు. ఆ పాప పేరేమిటని అడిగితే మనవడికీ తెలియదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. మళ్లీ క్రిస్మస్ రోజున పడ్డాయి. ఓడ దొరకని లక్షలమంది అరకాన్, మణిపూర్ అడవుల గుండా నడిచారు. రంగూన్ రేవులో, మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్లు వారిలో ఉన్నారు. మలయా రబ్బరు తోటల నుండి తమిళ, తెలుగు కూలీలను తోలుకుపోయి సయాం-బర్మా రైలుమార్గం వేయించారు. 415 కిలోమీటర్లు. అక్కడ చనిపోయిన మిత్రపక్ష ఖైదీలు 12,000కు పైనే. ఆసియా కూలీలు 90,000 దాకా ఉంటారని అంచనా. కాంచనబురిలో ఆ ఖైదీల సమాధులు వరుసగా ఉన్నాయి, పేర్లతో. మనవాళ్లలో ఎక్కువమందికి సమాధే లేదు.

"ఇవి లోక సంబంధమైన కథలు, మందిరంలో ఎందుకు?" అనే పెద్దలకు ఒక మాట. యొర్దాను నుండి పన్నెండు రాళ్లు మోయించింది ఎందుకండీ? పిల్లలు అడుగుతారని, అప్పుడు చెప్పాలని కాదా? యెరికో గోడ సంగతి మనకు కంఠస్థం. మన అవ్వ ఆ యుద్ధకాలంలో ఏం తిని బ్రతికిందో తెలియదు. సాక్ష్యాల సమయంలో వీసా వచ్చిన సంగతి చెప్పుకుంటాం, అంతే.

యౌవనస్థులారా, ఆ యుద్ధం చూసినవారు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. ఫోను తీసుకొని కూర్చోండి. వారి తెలుగులో అరవం కలిస్తే సరిదిద్దకండి. ఏం తిన్నారు, ఎవరిని పోగొట్టుకున్నారు, ఎవరు నీళ్లిచ్చారు, ఎవరు కులం అడిగి ఇవ్వలేదు, అన్నీ అడగండి. అవ్వలను ముందు అడగండి, వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. పాట జోడించి వీరగాథ మాత్రం చేయకండి. ఆకలికి పట్టాళంలో చేరినవాడిని ఆకలికే చేరాడని రాయండి. ఏడుపొస్తే ఆపేయండి, ఇంకో రోజు వెళ్లండి.

ఆ తాతకు అక్క ఉందట, వాణియంబాడిలో. మాట స్పష్టంగానే ఉందంటున్నారు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే ఆ మనవడూ నేనూ బస్సెక్కుతున్నాం. ఆ పాప పేరు ఆమెకు గుర్తుండొచ్చు.