తలకు రెండు పేర్లు



ఐర్లండ్‌లో కొడుకును ‘మాక్’ అంటారు, వేల్స్‌లో ‘మాబ్’. తల అక్కడ ‘క్యాన్’, ఇక్కడ ‘పెన్’. మొదట చూస్తే చుట్టరికం కనిపించదు. కానీ అక్కడ ‘క’ ఉన్న చోట ఇక్కడ పెదవులు కలుస్తున్నాయని ఒకసారి పట్టుకుంటే, ‘నాలుగు’ కూడా దొరికిపోతుంది: ఐరిష్‌లో ‘క్యాహిర్’, వెల్ష్‌లో ‘పెద్వర్’. ఈ కెల్టిక్ భాషల మూలభాషలోని ‘క్వ’ ధ్వని రెండు దారులు పట్టింది, అంతే. ఐర్లండ్‌లోని కిన్‌సేల్, కార్న్‌వాల్‌లోని పెన్జాన్స్ అనే ఊళ్ల పేర్లు రెండూ ‘తల’తోనే మొదలవుతాయి.

ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ లూయిడ్ 1707లో ఈ భాషలను పక్కపక్కన పెట్టి పుస్తకం వేశాడు. మన దగ్గర 1816లో ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి తెలుగు, తమిళ, కన్నడాలను అలాగే పోల్చాడు. మన ‘చెవి’ కన్నడిగులకు ‘కివి’ ఎందుకైందో ఆలోచించినవారికి కెల్టిక్ ముచ్చట కొత్తగా తోచదు.

పోలికలన్నీ రక్తసంబంధాలు కావు సుమా! పుస్తకానికి ఐరిష్, వెల్ష్ మాటలు అక్కచెల్లెళ్లలా ఉంటాయి. రెండూ లాటిన్ నుంచి తెచ్చుకున్న అప్పులే. ఈ సంచికలో మేమంతా ఎక్కువగా వాదించుకున్నది ఇలాంటి వాటి మీదే. ఏది వారసత్వమో, ఏది అరువో తేల్చడంలోనే అసలు సరదా అని మాకనిపించింది.

ఈ మాటల్లో చాలావాటిని ఇప్పుడు ఇంట్లో పలికేవారు తగ్గిపోయారు. ఐల్ ఆఫ్ మాన్ దీవి కెల్టిక్ భాష మాంక్స్‌ను పుట్టుభాషగా మాట్లాడిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు. అయినా ఆ దీవిలోని ఒక బడిలో పిల్లలు మళ్లీ ఆ భాషలోనే చదువుకుంటున్నారు.

ఇక పేజీ తిప్పండి.