ఫ్రాయిడ్ చదువుకు బస్సెక్కాలా?

మెట్‌పల్లి అనగానే గుర్తొచ్చేవి రెండు. ఒకటి ఖాదీ, రెండోది గల్ఫ్. ఏ వాడకు వెళ్లినా దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవాళ్ల కబురు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఫోన్లోనే కాపురాలు. వీడియో కాల్‌లో తప్ప తండ్రిని పెద్దగా చూడని పిల్లలు. పొద్దంతా బీడీలు చుడుతూ మనసులో మాట మనసులోనే దాచుకునే ఆడవాళ్లు. అలాంటి చోట డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయికి ‘అసలు మనసు ఎలా పనిచేస్తుంది?’ అన్న ప్రశ్న పుడితే ఆశ్చర్యమేముంది?

ఆ ప్రశ్న చివరికి సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకెళ్తుంది. హైదరాబాద్ వెళ్లి హాస్టల్లో ఉండి చదివే వీలు అందరికీ ఉండదు. మరి ఊరు కదలకుండా, ఆన్‌లైన్లో, పీజీ స్థాయిలో మనోవిశ్లేషణ సిద్ధాంతం చదవొచ్చా? చదవొచ్చు. కాకపోతే ఎందుకోసం చదువుతున్నారో ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే అందరూ వెళ్లే దారి ఒకటి ఈమధ్యే మూసుకుపోయింది.

మూసుకున్న తలుపు

నిన్నమొన్నటిదాకా ఇంట్లో ఉండి సైకాలజీలో ఎం.ఏ. చేయాలంటే దూరవిద్య ఉండేది. ఇగ్నో లాంటి విశ్వవిద్యాలయాల పుణ్యమా అని ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల తల్లులు కూడా ఆ పట్టా అందుకున్నారు. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో చెప్పకూడదని యూజీసీ ఆదేశించింది. ఆరోగ్య అనుబంధ వృత్తుల కోసం 2021లో వచ్చిన చట్టం పరిధిలో సైకాలజీ కూడా ఉండటమే కారణం.

ఇందులో న్యాయముంది. రోగి ఎదుట కూర్చోవాల్సిన మనిషిని పుస్తకాలూ పరీక్షలతోనే తయారుచేయలేం. నష్టమూ ఉంది. వైద్యం చేయాలని కాక, తెలుసుకోవాలని మాత్రమే చదివేవాళ్ల ముందు కూడా అదే తలుపు మూసుకుంది.

ఉత్తరాల్లో నడిచిన శాస్త్రం

తమాషా ఏమిటంటే, మనోవిశ్లేషణ పుట్టిందే సగం దూరవిద్యలో! వియన్నాలోని ఫ్రాయిడ్ తన కొత్త ఆలోచనలను బెర్లిన్‌లోని మిత్రుడు ఫ్లీస్‌కు ఉత్తరాల్లో రాసేవాడు. 1909లో ప్రచురించిన ‘లిటిల్ హాన్స్’ కథ కూడా అంతే. గుర్రాలంటే భయపడే ఆ పిల్లవాడికి చికిత్స నడిపింది తండ్రి. ఆయన రాసి పంపిన వివరాలు చూసి ఫ్రాయిడ్ సలహాలిచ్చాడు.

మన దేశంలో కథ ఇంకా ఆసక్తికరం. కలకత్తా డాక్టరు గిరీంద్రశేఖర్ బోస్ ఫ్రాయిడ్‌ను ఒక్కసారి కూడా కలవలేదు. పుస్తకాలు చదివి, తన రోగులను గమనించి, కోరికల అణచివేతపై సిద్ధాంత గ్రంథం రాశాడు. దాన్ని వియన్నాకు పంపాడు. ఇద్దరి మధ్యా ఉత్తరాలు మొదలయ్యాయి. 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం ఏర్పడింది. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు అక్కడి నుంచి దంతపు విష్ణుమూర్తి బొమ్మ వెళ్లింది. ఆయన దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నాడు.

అయితే బోస్ చెప్పినదానికల్లా తలూపే శిష్యుడు కాదు. ఫ్రాయిడ్ చెప్పిన కొన్ని భయాలు తన బెంగాలీ రోగుల్లో అలాగే కనిపించడం లేదని ఆయనకే రాశాడు. దూరంగా ఉండి చదవడంలో ఉన్న లాభం ఇదే. గురువు ఎదురుగా లేడు, ఎదురుగా ఉన్నది మన ఊరు. పుస్తకంలోని మాటను ఊరితో సరిచూసుకోవచ్చు. ఫ్రాయిడ్ చెప్పిన ఇంట్లో తల్లి, తండ్రి, బిడ్డ ఉంటారు. తండ్రి రెండేళ్లకోసారి వచ్చి, పెంపకం నాయనమ్మ చేతుల్లో నడిచే ఇంట్లో ఆ లెక్క ఎలా మారుతుంది? ఈ ప్రశ్న వేయడానికి వియన్నా విద్యార్థి కన్నా మెట్‌పల్లి విద్యార్థికే ఎక్కువ అర్హత ఉంది.

చదవడం వేరు, చేయడం వేరు

విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రం చెప్పడం గురించి ఫ్రాయిడ్ 1919లోనే ఒక వ్యాసంలో చర్చించాడు. విద్యార్థి మనోవిశ్లేషణ గురించి కొంత తెలుసుకుంటాడు, దాని నుంచి కొంత నేర్చుకుంటాడు, అంతేగానీ విశ్లేషకుడు అయిపోడు అన్నది దాని సారాంశం. విశ్లేషకుడు కావాలంటే మూడు మెట్లు ఎక్కాలి. సిద్ధాంతం చదవాలి. తాను స్వయంగా మరో విశ్లేషకుడి దగ్గర విశ్లేషణ చేయించుకోవాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూడాలి. ఆన్‌లైన్ పాఠం దాటించేది మొదటి మెట్టు మాత్రమే.

ఆ మెట్టు చిన్నదేం కాదు. అది ఎక్కడానికి సాహిత్యం మంచి దారి. ఇంగ్లీషు ఎం.ఏ.లో సాహిత్య సిద్ధాంతం పేపరు తీసుకుంటే ఫ్రాయిడ్, లకాన్ పలకరిస్తారు. ఇంగ్లీషు పాఠం కొరుకుడు పడకపోతే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ చేతిలోకి తీసుకోండి. తల్లి నీడ నుంచి బయటపడలేని దయానిధిని చూశాక ఈడిపస్ కాంప్లెక్స్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 1969లో వచ్చిన నవీన్ ‘అంపశయ్య’లో ఒక విద్యార్థి మనసులో ఎడతెగక పారే ఆలోచనలు వినిపిస్తాయి. ఇలాంటి నవలల మీద చేసే పరిశోధన కూడా సిద్ధాంతం చదవడమే.

ఫీజు కట్టేముందు

ఒకటి, ఆన్‌లైన్ కోర్సుకు యూజీసీ అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ప్రకటనను నమ్మకండి. రెండు, విదేశీ కోర్సు అయితే ఆ పట్టా ఇక్కడ చెల్లుతుందా అన్నది చేరకముందే తేల్చుకోండి. మూడు, చికిత్స చేయడమే మీ లక్ష్యమైతే రెగ్యులర్‌గా సైకాలజీ చదవాలి. ఆ తర్వాత భారత పునరావాస మండలి గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి పేరు నమోదు చేసుకోవాలి. దీనికి అడ్డదారి లేదు.

సిద్ధాంతం చదివినంత మాత్రాన వీధిలో ‘కౌన్సెలర్’ బోర్డు పెట్టేయకూడదు. మనసు విరిగి వచ్చిన మనిషికి అరకొర జ్ఞానం చేసే హాని అంతా ఇంతా కాదు. పక్కింట్లో ఎవరైనా కుంగిపోయి కనిపిస్తే మీ పాఠం వల్లించకండి. ఓపిగ్గా వినండి. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416 వాళ్ల చేతికివ్వండి. అక్కడ ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు.

ఎదుటివాళ్లు చెప్పేదాన్ని మధ్యలో తుంచకుండా వినడమే ఈ శాస్త్రంలో మొదటి పాఠం. దానికి ఫీజూ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పని ఇవాళే మొదలుపెట్టొచ్చు.