చచ్చినా వదలబుద్ధి కాదు!

తుపాను రాత్రి. ఓ మహావృక్షం నుంచి ఆకులా మెరిసే వెలుగొకటి ఊడి గాలికి కొట్టుకుపోయింది. అడవిలో ఒంటరిగా బతికే నారు వెళ్లి చూస్తే... తెల్లటి పసికూన! చూడ్డానికి ఎలుగుబంటిలా ఉండే నారు ఆ పిల్లని అక్కున చేర్చుకుంది. ఇద్దరూ కలిసి వంతెన కట్టారు, పళ్లు కోసుకొచ్చారు. అంతలో అడవి ఎండిపోవడం మొదలైంది. ఉన్న ఆఖరి పండు పిల్లకే ఇచ్చేసింది నారు. ఆ పిల్ల వెళ్లి, ఎక్కడెక్కడో వెతికి పళ్లు పట్టుకొచ్చేసరికి తల్లి ఇక లేవలేదు.

ఇది కార్టూన్ సినిమా కాదు, ఓ వీడియోగేమ్ మొదలయ్యే తీరు! పేరు 'ఓరి అండ్ ద బ్లైండ్ ఫారెస్ట్'. ఆ పసికూన పేరే ఓరి. మనం ఆశ్చర్యపోయినప్పుడు అనే 'ఓరి' కాదులెండి. అయినా ఆట చూస్తుంటే నోటివెంట వచ్చేది మాత్రం అదే.

2015 మార్చిలో వచ్చిందీ ఆట. తయారుచేసింది మూన్ స్టూడియోస్. అందరూ ఒకచోట కూర్చుని పనిచేసే ఆఫీసు లేదు వాళ్లకి. కరోనా రాకముందే, ఒక్కొక్కరు ఒక్కో దేశంలో ఇంటి నుంచే పనిచేస్తూ నాలుగేళ్లు దీనికోసం శ్రమపడ్డారు. ఆ కష్టం తెర మీద కనిపిస్తుంది. పొగమంచులో వేళ్లాడే ఊడలు, నీలంగా మెరిసే పుట్టగొడుగులు, ఒకదాని వెనక ఒకటిగా కదిలే చెట్ల వరసలు... ప్రతి చోటూ ఎవరో కుంచెతో గీసిన బొమ్మలా ఉంటుంది. దానికి తోడు గ్యారెత్ కోకర్ సంగీతం.

చిన్నప్పుడు మారియో ఆడినవాళ్లకి ఈ బాపతు ఆట కొత్తకాదు. గెంతాలి, పాకాలి, ముళ్లు తప్పించుకోవాలి. వీటినే ప్లాట్‌ఫార్మర్లు అంటారు. అందం చూసి సులువనుకుంటే మాత్రం బోల్తాపడ్డట్టే. ఒక్కోసారి ఆ అందమే కొంప ముంచుతుంది. పచ్చదనంలో కలిసిపోయిన ముళ్లు గుచ్చుకునేదాకా కనపడవు!

ఆటని ఎక్కడ సేవ్ చేసుకోవాలో చాలాచోట్ల మనమే తేల్చుకోవాలి. దానికి ఓరి దగ్గరున్న శక్తి కొంత ఖర్చవుతుంది. పిసినారితనం చేస్తే, చచ్చాక ఎక్కడికో వెనక్కి వెళ్లి మళ్లీ మొదలెట్టాలి. ఎడాపెడా వాడేస్తే అవసరానికి మిగలదు. నెలాఖరులో ఇల్లు నడిపేవాళ్లకి ఈ తిరకాసు చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష జిన్సో చెట్టు. దాని బోలు మానులో కింద నుంచి నీళ్లు తన్నుకొస్తుంటాయి. శత్రువులు విసిరే నిప్పుముద్దల్నే ఊతంగా పట్టుకుని ఓరి పైకి ఎగరాలి. మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేదు. ఒక్క గెంతు తప్పితే మళ్లీ అడుగు నుంచే. ఇది కాస్త దుర్మార్గమే! కానీ ప్రతిసారీ తప్పెక్కడో తెలిసిపోతుంది. పదోసారికి నిన్నటిదాకా తడబడిన వేలు దానంతటదే కదులుతుంది. పైకి చేరాక అడవి నీళ్లన్నీ తేటపడతాయి. అప్పటిదాకా విషంలా ఉన్న మడుగుల్లో ఓరి హాయిగా ఈదుతుంది. పడ్డ పాట్లన్నిటికీ బహుమానం అదే.

అంత ఓపిక లేనివాళ్ల కోసం 2016లో వచ్చిన 'డెఫినిటివ్ ఎడిషన్'లో సులువైన స్థాయి చేర్చారు. ఒక్కసారి చస్తే మొత్తం ముగిసిపోయే మొండిఘటాల స్థాయి కూడా అందులోనే ఉంది. నెత్తురు కనిపించదు కాబట్టి పిల్లలు ఆడుకోవచ్చు. నారు చనిపోయేచోట మాత్రం చిన్నపిల్లల పక్కన పెద్దవాళ్లు ఉంటే మంచిది.

ఇంతకీ అడవిని ఎండగట్టింది ఎవరు? కురో అనే గుడ్లగూబ. మహావృక్షం వెలుగుని ఎత్తుకుపోయింది అదే. ఓరి కనిపిస్తే చాలు, కాళ్లు చాచి మీదికి దూకుతుంది. మొదట్లో దాన్ని తిట్టుకోనివాళ్లు ఉండరు. సగం ఆట అయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. తప్పిపోయిన ఓరిని వెతుక్కుంటూ మహావృక్షం వెదజల్లిన వెలుగుకి కురో పిల్లలు మాడిపోయాయి. గూట్లో ఒక్క గుడ్డు మిగిలింది. ఒక బిడ్డ కోసం పెట్టిన కేక మరో తల్లికి కడుపుకోత అయింది.

తెలిశాక కూడా కురో తరుముతూనే ఉంటుంది, పరుగెత్తకా తప్పదు. కాకపోతే పరుగెత్తుతున్నంతసేపూ ఆ ఒక్క గుడ్డే గుర్తొస్తుంటుంది.