పడిపోయినవాడు ఎక్కడికి పోయాడు?

ఆంగ్ల వ్యాకరణంలోని సహాయక క్రియలను మన బడుల్లో ఎక్కాల వలె వల్లె వేయిస్తారు. ఆమ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అంటూ సాగే ఆ జాబితాను తడుముకోకుండా అప్పజెప్పే విద్యార్థి, ‘షి హ్యాజ్ ఎ బుక్’ అన్న వాక్యం ఎదురు కాగానే హ్యాజ్ కింద గీత గీసి సహాయక క్రియ అని రాస్తాడు. మార్కు పోతుంది. ఆ తప్పు పిల్లవాడిది కాదు, జాబితాది అని నా అభిప్రాయం.

కెన్, మస్ట్ వంటి కొన్నిటిని మినహాయిస్తే, ప్రధానం, సహాయకం అన్నవి మాటకు పుట్టుకతో వచ్చే గుణాలు కావు. వాక్యంలో అది చేసే పనిని బట్టి వచ్చే పేర్లు. ‘షి హ్యాజ్ రెడ్ ద బుక్’లో అసలు పని చదవడం; హ్యాజ్ దానికి తోడు. ‘షి హ్యాజ్ ఎ బుక్’లో తోడు నిలవడానికి మరో క్రియే లేదు. కనుక అక్కడ హ్యాజ్ ప్రధాన క్రియ.

ఈ సంగతి తెలుగు పిల్లలకు కొత్తదా? ‘ఊరికి పోయాడు’లో పోవడం ప్రధానం. ‘పడిపోయాడు’లో అదే మాట సహాయకం, పడిపోయినవాడు ఎక్కడికీ పోలేదని అయిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు. ‘అన్నం తినేశాడు’ అంటే ఏదో విసిరి వేశాడని ఎవరూ అనుకోరు. మన భాషలో తోడు క్రియ ప్రధాన క్రియ వెనుక నడుస్తుంది, ఆంగ్లంలో ముందు నడుస్తుంది. అంతే తేడా.

పోలిక ఇంకొకటి ఉంది. ‘పడిపోయాడు’లో కాలాన్నీ పురుషనూ మోసేది పోవు ధాతువే. ‘పడ్డాడు పోయాడు’ అని ఎవరూ అనరు. ‘డిడ్ యూ వెంట్?’ అనకూడదన్నదీ ఇందుకే. భూతకాలపు బరువును డిడ్ ఎత్తుకున్నాక గో మళ్ళీ మోయనక్కరలేదు. ఈ ఒక్క మాట చెబితే ఏళ్ళ తరబడి ఎర్రసిరాతో దిద్దినా పోని తప్పు తొలగే అవకాశముంది.

మనవాళ్ళకు నిజంగా చిక్కు తెచ్చేది ‘షి ఈజ్ ఎ డాక్టర్’ వంటి వాక్యం. ‘ఆమె డాక్టరు’ అనడానికి మనకు క్రియతో పని లేదు. అందువల్ల ఈజ్ ఉత్త అతుకులా కనబడుతుంది. అది ఎవరికి సహాయం చేస్తోందని అడిగి చూడమనాలి. జవాబు దొరకకపోతే అదే ప్రధాన క్రియ.

వ్యాకరణమెందుకు, మాట్లాడితే అదే వస్తుందనే పెద్దలున్నారు. ఇంట్లో ఆంగ్లం వినబడే పిల్లలకు అది నిజమే కావచ్చు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం మొదలయింది. అక్కడి పిల్లల్లో చాలామందికి ఆ భాష పాఠ్యపుస్తకం దాటి వినబడదు. వారికి వ్యాకరణమే నిచ్చెన. దాని మొదటి మెట్టు తెలుగులో ఉండాలంటాను. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడి ఆ మెట్టును తానే విరగ్గొడుతున్నది.

పాఠాలు చెప్పే మిత్రులు తమ అనుభవం కూడా చెబితే సంతోషిస్తాను.