తెరమీది మరణము – మన కన్నీరు

మొన్న నొక సాయంకాలము మా యింట టెలివిజనులో ‘దేవదాసు’ చిత్రము వచ్చుచుండెను. కడపటి ఘట్టమునకు వచ్చుసరికి మా కన్నులు చెమ్మగిల్లినవి. సరిగా నా వేళకే పెరుగుతోడునకై వచ్చిన పొరుగింటి పెద్దమ్మగారు మమ్ము జూచి, “అదేమమ్మా! దీపము పెట్టువేళ ఇంట నీ యేడ్పులేమి? ముందా పెట్టెను కట్టివేయుము” అని మందలించిరి. పెద్దలమాట కాదనలేక కట్టివేసితిమి. కాని యామె మాట మమ్ము విడువలేదు. మృత్యువు ఎప్పుడో యొకప్పుడు ఎల్లరి గడపయు దొక్కునదే గదా! దానిని పనిగట్టుకొని, రొక్కమిచ్చి, తెరమీద జూచి యేడ్చుట యెందులకు? అందువలన మనకు గలుగు మేలేమైన నున్నదా? ఈ మాసము మనము దీనినే విచారింతము.

మన పూర్వు లీ ప్రశ్న నెరుగనివారు కారు. భరతముని నాట్యశాస్త్రమున 33 వ్యభిచారిభావములను జెప్పుచు మరణమును గూడ వానిలో నొకటిగా నెన్నెను. వ్యాధిచే గలుగు మరణము నెట్లభినయింపవలయునో, ఆయుధపు దెబ్బచే గలుగు మరణము నెట్లభినయింపవలయునో వేరువేరుగా వివరించెను. విషము తలకెక్కినవాని యవస్థను 8 మెట్లుగా విభజించి, వణకు, తాపము, వెక్కిళ్లు, నోట నురుగు మున్నగువానిని వరుసగా నిరూపించెను. అయినను, పదవ శతాబ్దివాడగు ధనంజయుడు తన దశరూపకమున నాయకుని వధను రంగమున జూపరాదని శాసించెను. ఈ కట్టుబాటునకు లోబడని రూపకము ‘ఊరుభంగము’. 1912 మొదలుకొని తిరువనంతపురమున టి. గణపతిశాస్త్రిగారు భాసునివిగా ప్రకటించిన నాటకములలో నది యొకటి. అందు దుర్యోధనుడు ప్రేక్షకులయెదుటనే ప్రాణములు విడుచును. పసిబాలుడగు దుర్జయుడు అలవాటు చొప్పున తండ్రి తొడమీద గూర్చుండబోవును. తొడలు విరిగిన తండ్రి వానిని వారింపవలసివచ్చును. ఎంతటి దుష్టుడని తలచినవానినైనను ఆ క్షణమున మనము క్షమింతుము.

కాళిదాసు మార్గము వేరు. రఘువంశమున నెనిమిదవ సర్గయందు నారదుని వీణనుండి జారిన పూలమాల తగిలి ఇందుమతి మరణించును. ఆ మరణము కొలది శ్లోకములతో ముగిసిపోవును. అజుని విలాపమో, ఎంతయో దూరము సాగును. ఇందలి మర్మమేమన, పోయినవారి బాధ పోయినవారితో ముగియును. ఉన్నవారి బాధ యప్పుడే మొదలగును. కావున మరణఘట్టమున చూడదగినది ఆరిపోవు దీపము కాదు, చీకటిలో మిగిలినవారి ముఖము.

ఈ మర్మము తెలియని చిత్రములు మనకు గొల్లలు. గుండెలో గుండు దిగిన కథానాయకుని తల్లి పదినిమిషములసేపు పూర్వకథ యంతయు జెప్పును, చెల్లెలిచేతిని స్నేహితునిచేతిలో బెట్టును, ప్రతిజ్ఞ చేయించును, చెప్పవలసినది పూర్తికాగానే సరిగా నొకప్రక్కకు తల వాల్చును. అట్టి ఘట్టమున మన పిల్లలు నవ్వినచో వారిని దిట్టరాదు. వారి నవ్వే సరియైన విమర్శ.

అట్లుగాక మమ్ము నిలువున గలచిన చిత్రము సత్యజిత్ రాయ్‌గారి ‘పథేర్ పాంచాలీ’. విభూతిభూషణ్ బందోపాధ్యాయగారి వంగనవల నాధారముగా గొని 1955లో వెలువడిన చిత్రమది. అందు ఇందిర్ ఠాకురాణి యను ముసలమ్మ యొకతె కలదు. ఆ పాత్రను ధరించిన చునీబాలాదేవి నిజముగనే మిక్కిలి వృద్ధురాలు. ఇంటి యిల్లాలగు సర్వజయకు ఆ ముసలమ్మయన్న సరిపడదు. సర్వజయ దుర్మార్గురాలు కాదు. భర్తకు నిలుకడయైన రాబడి లేదు, ఇద్దరు బిడ్డలు, ఇల్లు కూలుచున్నది. లేమి యామె మనసును గట్టిపరచినది. జబ్బుచేసి తిరిగివచ్చిన ముసలమ్మ దాహమడిగిన, నీవే ముంచుకొమ్మనును. ఉండుమను మాట మాత్రము నోట రాదు. ముసలమ్మ నీరు త్రాగి, మిగిలిన నీటిని మొక్కకు బోసి, మెల్లగా వెడలిపోవును. పిమ్మట దుర్గయు, అపుయు వెదురుపొదల నడుమ నామె తలవాల్చుకొని కూర్చుండియుండుట చూతురు. ఆటకని దుర్గ తాకి కుదుపగా నామె యొరిగి పడిపోవును. ఆమె యిత్తడిచెంబు దొరలి నీటిలో బడును. అంతియే. ఏడ్పు లేదు, ఉపన్యాసము లేదు. తన ఆస్తియని చెప్పుకొనుటకు ముసలమ్మకున్నది ఆ చెంబొక్కటే యని మనకప్పుడు తోచును.

ఇచట మా మాట యొకటి చెప్పక తప్పదు. మా అత్తగారి యక్కగారు, బిడ్డలు లేని వితంతువు, కడపటి నాలుగేండ్లు మా యింటనే యుండిరి. ఆమెకు చూపు మందగించెను. ప్రతి సాయంకాలమును “అమ్మాయీ, భాగవతమున భీష్ముని ఘట్టము చదివి పెట్టవూ?” అని యడుగువారు. మాకు నాన్నగారు చిన్ననాడు చెప్పిన పద్యములవి. పుస్తకము చూడకయే చదువగలము. అయినను వంట, పిల్లల చదువు, వచ్చిపోవువారు – ఏదో యొక సాకు. ఒకనాడు విసుగుతో “రేపు చూతము లెండి” అంటిమి. ఆమె మారు పలుకలేదు. ఆ తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసిరి. నాడు మాకు కన్నీరు రాలేదు. బంధువులకు కాఫీలు, పురోహితునికి కబురు, పదిరోజుల పనులు – ఏడ్చుటకు తీరిక యెక్కడిది? ఏడాది గడచినపిదప తెరమీద నా యిత్తడిచెంబు దొరలినప్పుడు మా యేడ్పు ఆగలేదు. మావారు భయపడి మంచినీళ్లు తెచ్చియిచ్చిరి. మేమేడ్చినది ఇందిర్ ఠాకురాణి కొరకు కాదని వారికి చెప్పనక్కరలేకపోయినది.

ఆ చిత్రమందే రెండవ మరణము దుర్గది. తొలకరివానలో మనసార తడిసి ఆడిన పిల్లకు జ్వరము వచ్చును. గాలివాన రేయి తలుపు ఊగిపోవుచుండ, తల్లి దానిని పట్టుకొని బిడ్డను గాపాడజూచును. దుర్గ దక్కదు. ఊరిలో లేని తండ్రి హరిహరుడు కొన్నాళ్లకు తిరిగివచ్చి, జరిగినదెరుగక, తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటియు జూపును. దుర్గకు తెచ్చిన చీరను భార్యచేతికిచ్చును. సర్వజయ ఆ చీరను పండ్ల గరచిపట్టి భోరుమనును. అయితే మనకు వినబడునది ఆమె గొంతు కాదు. ఆ స్థానమున తారషెహనాయి వాద్యపు నాదము మాత్రమే వినవచ్చును. ఏ తల్లి గొంతైనను పలుకజాలని దానిని ఆ వాద్యము పలికినది. బిడ్డను గోలుపోయిన తల్లి యేడ్పును ఆమె సొత్తుగనే యుంచి, మనకు దాని వేదనను మాత్రము పంచియిచ్చిన ఆ దర్శకుని మర్యాద కొనియాడదగినది.

ఇక పెద్దమ్మగారు కట్టివేయించిన ‘దేవదాసు’. శరత్‌బాబు 1917లో ప్రకటించిన నవలను వేదాంతం రాఘవయ్యగారు 1953లో తెలుగు చిత్రముగా దీసిరి. అక్కినేని నాగేశ్వరరావుగారును, సావిత్రిగారును నటించిరి. త్రాగి త్రాగి యొడలు చెడిన దేవదాసు ఇచ్చినమాట చెల్లించుటకై పార్వతి యూరికి బండిలో వచ్చి, ఆమె యింటిముంగిటనే ప్రాణము విడుచును. సంగతి తెలిసి పార్వతి పరుగెత్తివచ్చును. ఇంటివారు తలుపు మూయుదురు. మగవారీ చిత్రమును దేవదాసు కథగా జూచి, అతని త్రాగుడును గూర్చియు, దుఃఖమును గూర్చియు ముచ్చటింతురు. మనకో, మరపునకు రానిది ఆ మూసిన తలుపు. చెట్టుక్రింద పడియున్నవాడెవడైనను, వానికై నాలుగు కన్నీటిబొట్లు రాల్చుటకు సైతము ఇంటి యిల్లాలికి ననుమతి లేదు. మన యిండ్లలో పుట్టింటినుండి చావుకబురు వచ్చినపుడు, ‘శుభకార్యము ముగిసినదాక చెప్పకుడు’ అని దాచుట లేదా? అదియు నొక మూసిన తలుపే.

పరదేశపు చిత్రమొకటి గూడ జెప్పెదము. జపానుదేశమున అకిరా కురోసావాగారు 1952లో ‘ఇకిరు’ అను చిత్రము దీసిరి. ఆ మాటకు బ్రదుకుట యని యర్థము. వతనబే యను ముసలి యుద్యోగి ఏండ్లతరబడి కాగితములకు ముద్రలు వేయుచు కాలము గడపినవాడు. తనకు కడుపులో పుట్టకురుపని, కొలదినెలలే మిగిలినవని తెలిసికొనును. పేట స్త్రీలు కొందరు, తమ బిడ్డలు జబ్బుపడుచున్నారు, మురికిగుంట పూడ్చి ఆటస్థలము చేయుడని యర్జీ పట్టుకొని, ఒక బల్లనుండి మరియొక బల్లకు త్రిప్పబడుచుందురు. ఆ పనిని వతనబే పట్టుదలతో సాధించును. ఆయన మరణము చిత్రమున జూపబడదు. మూడింట రెండువంతుల కథ నడచునప్పటికి ఆయన పోయెనను మాట వినబడును, తరువాతిదంతయు సంతాపసభయే. పై యధికారులు ఆ ఘనత తమదే యని చెప్పుకొనుచుండగా, పేట స్త్రీలు వచ్చి, ఒక్కమాటయు లేక, ఏడ్చుచు ధూపము వేసి వెళ్లుదురు. అధికారుల తలలు వంగును. కడపటి రేయి మంచు కురియుచుండ ఆ తోటలో ఉయ్యాలపై నూగుచు వతనబే పాడుకొనెనని ఒక పోలీసువాడు చెప్పును. మనిషి విలువ తెలిసినది యెవరికి? బిడ్డల తల్లులకు.

మరణమనగా నెప్పుడును వియోగమే కానక్కరలేదు. 1980లో కె. విశ్వనాథ్‌గారు మన కందిచ్చిన ‘శంకరాభరణము’ చూడుడు. జె. వి. సోమయాజులుగారు ధరించిన శంకరశాస్త్రి కచేరీ నడుమనే యలసిపోవగా, ఆ పాటను తులసి కొడుకగు బాలుడందుకొని పూర్తిచేయును. తన విద్య నిలిచినదని చూచుకొని శాస్త్రిగారు కన్నుమూయుదురు. భాగవతమున భీష్ముడును అట్లే యుత్తరాయణము కొరకు వేచి, ఎదుట శ్రీకృష్ణుని నిలుపుకొని, తృప్తితో వెళ్లెను. అటువంటి మరణమును జూచి వచ్చు కన్నీటికి చేదు లేదు. మా పెద్దత్తగారు ఆ ఘట్టమునే యేల యడుగుచుండిరో మాకిప్పుడు తెలియుచున్నది.

కావున సోదరీమణులారా, మరణఘట్టములను జూచుట యశుభమని మేమనము. అయితే రెండు మాటలు. పసిబిడ్డలు ప్రక్కనున్నప్పుడు చూచి యూరకొనక, వారడుగు ప్రశ్నలకు దాపరికము లేక జవాబు చెప్పుడు. ఇంట నెవరైన చిత్రము చూచి యేడ్చినచో ఎగతాళి చేయకుడు. ఏ పాత దుఃఖము కందారి వెదకుకొని బయటికి వచ్చినదో మనకేమి తెలియును? ఏడ్చుటకు తీరిక దొరకని స్త్రీలు మన యిండ్లలో పెక్కుమంది యున్నారు.

మరియొక మాట. తెరమీది చెంబు దొరలినపిదప దానిని పట్టుకొనజాలము. ఇంటిలోని చెంబు ఇంకను చేతికందునంత దూరముననే యున్నది. నేటి రాత్రి మీ యింటి పెద్దవారెవరైన ఏదైన చదువుమని, కొంతసేపు కూర్చుండుమని యడిగినచో ‘రేపు’ అనకుడు. పెద్దమ్మగారిని మేము వచ్చు ఆదివారము మధ్యాహ్నము పిలిచితిమి. దీపము పెట్టువేళకు ముందే ముగియునట్లు, దేవదాసును తుదివరకు జూతుమని చెప్పితిమి. వారు నవ్వి, సరే యనిరి.